తొడ కండలో ఎముక కట్టే గడ్డ: యుఎస్‌పి6 పరీక్ష ఎంతవరకు నమ్మదగినది?

తమ్ముడికోసం | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా తమ్ముడికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవుల్లో కబడ్డీ ఆడుతుండగా ఎదుటివాడి మోకాలు వీడి కుడి తొడకు బలంగా తగిలింది. మొదటి వారం వాపు, నొప్పి ఉండి తగ్గుముఖం పట్టినట్లే కనిపించాయి గాని, మూడో వారానికి తొడ ముందు భాగంలో నిమ్మకాయంత గట్టి గడ్డ తేలి, పది రోజుల్లో రెట్టింపయింది. ఎమ్మారై తీయిస్తే, కండరంలో కణితి ఉంది, దాని చుట్టూ చాలా దూరం నీరు పట్టింది, సార్కోమా (కండ, ఎముక వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సరు) కావచ్చునేమో పరిశీలించాలి అని రాశారు. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపితే, చురుకుగా విభజన చెందుతున్న సాగిన కణాలు, వాటి మధ్య పచ్చి ఎముక పదార్థం ఉన్నాయని, ఆస్టియోసార్కోమా, అంటే ఎముక పదార్థాన్ని తయారుచేసే క్యాన్సరు, కాదని చెప్పలేమని వచ్చింది. కీమోథెరపీ గురించి మాట్లాడడానికి వచ్చే వారం రమ్మన్నారు.

ఇంతలో మాకు తెలిసిన ఇంకొక డాక్టరు గారు ఆ రిపోర్టు చూసి, యుఎస్‌పి6 అనే జన్యువును పరీక్షించేవరకు ఏ మందూ మొదలుపెట్టవద్దని అన్నారు. మా ఊళ్లో ఆ మాట విన్నవారే లేరు. అమ్మ నాలుగు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఆ పరీక్ష ఏమిటో, దానిని నమ్మి కీమో ఆపవచ్చో లేదో, తెలిసిన పెద్దలు దయచేసి చెప్పండి.

గాజుపలక | సోమవారం, రాత్రి 11.05

అమ్మా, నేను పాథాలజిస్టును, మృదుకణజాల కణితుల స్లైడులు చూడడమే నా రోజువారీ పని. మీ తమ్ముడి స్లైడు చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు, అందుకని ఆ పని చేయను. అయితే మీరు రాసిన వయసు, దెబ్బ, వారాల లెక్క, గడ్డ పెరిగిన వేగం చదవగానే నా మనసులోకి మొదట వచ్చిన పేరు మయోసైటిస్ ఆసిఫికాన్స్. పేరులో కండర వాపు అని అర్థం వచ్చినా అది వాపు జబ్బు కాదు. కండలో ఎముకను కట్టే నిరపాయకరమైన గడ్డ అది, కొంతకాలం పెరిగి తనంతట తానే ఆగిపోతుంది.

ఇది క్యాన్సరులా ఎందుకు కనిపిస్తుందో ముందు చెప్పాలి. 1958లో ఆకర్‌మన్ అనే పాథాలజిస్టు ఈ గడ్డలోని పొరల అమరికను వివరించారు. నడుమ పచ్చి కణాలు కిక్కిరిసి ఉంటాయి, వాటి చుట్టూ అప్పుడే ఏర్పడుతున్న ఎముక పదార్థం, అన్నిటికన్నా బయట పక్వమైన ఎముక పెంకులాగా ఉంటుంది. కండలో పుట్టే ఆస్టియోసార్కోమాలో ఈ అమరిక తలకిందులుగా ఉంటుంది, ఎముక నడుమ ఉంటే పచ్చి కణాలు అంచుల్లో ఉండి పక్క కండలోకి చొచ్చుకుపోతుంటాయి. గడ్డ మొత్తం మా బల్ల మీదికి వస్తే ఈ తేడా కంటితోనే పట్టవచ్చు. సూదితో తీసిన సన్నని ముక్కలో అమరిక కనిపించదు, అందులోనూ సూది గడ్డ నడుమకు దిగితే మాకు వచ్చేవి పచ్చి కణాలే. విభజనలు ఎక్కువ, ఎముక పదార్థం జాలీలాగా, కణాలు దట్టంగా. అనుభవం ఉన్నవారు కూడా అక్కడ ఆగి ఆలోచిస్తారు. అందుకని ఆస్టియోసార్కోమా కాదని చెప్పలేము అని రాసినవారిని నేను తప్పుపట్టను. ఆ వాక్యంతోనే కీమో దాకా వెళ్లడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ఇక యుఎస్‌పి6. ఈ జన్యువు 17వ క్రోమోజోము పొట్టి భుజం మీద ఉంటుంది. సాధారణంగా వృషణాల్లో తప్ప మిగతా చోట్ల దాదాపు నిద్రాణంగానే ఉంటుంది. మయోసైటిస్ ఆసిఫికాన్స్‌లో ఇది తెగి, ఇంకొక జన్యువు ముందుభాగానికి అతుక్కుంటుంది. ఎక్కువసార్లు ఆ జోడీ సీఓఎల్1ఏ1, అదే క్రోమోజోము పొడుగు భుజం మీద ఉండి, ఎముకకు ఆధారమైన ఒకటో రకం కొల్లాజెన్‌ను తయారుచేయించే జన్యువు. ఎముక కట్టే కణాల్లో అది ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. మీది గోదావరి ప్రాంతం కనుక ఇలా చెబుతాను: ఏడాదంతా నీరు వదిలే తూము కిందికి, ఎన్నడూ నీరందని పిల్లకాలువను తీసుకువచ్చి కలిపితే ఆ కాలువ ఎలా పొంగుతుందో, యుఎస్‌పి6 కూడా అలా పొంగుతుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను మారదు, అది తయారయ్యే మోతాదు మారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మృదుకణజాల కణితుల వర్గీకరణలో ఈ గడ్డను, వేళ్ల మీద వచ్చే దీని తోబుట్టువును ఒకే శీర్షిక కింద చేర్చారు. ఆస్టియోసార్కోమాకు ఈ యుఎస్‌పి6 మార్పు లక్షణం కాదు, దానిలో జన్యువుల చిందరవందర వేరే రకంగా ఉంటుంది. కనుక పరీక్షలో ఈ మార్పు తేలితే, మీ తమ్ముడి విషయంలో అది చాలా బలమైన సాక్ష్యం.

ఎక్స్‌రేగది | మంగళవారం, ఉదయం 7.15

గాజుపలక గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ఎమ్మారై ఈ గడ్డ తొలి వారాల్లో తరచుగా తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే చుట్టూ నీరు పట్టిన తీరు చాలా భయంకరంగా కనిపిస్తుంది, అంచున పడుతున్న సున్నపు గీత మాత్రం అందులో తేలికగా తప్పిపోతుంది. ఆ గీతను చూపేది సీటీ. దెబ్బ తగిలిన మూడు నుంచి ఆరు వారాల మధ్య అంచుల్లో సున్నం పడడం మొదలవుతుంది. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది. రేపే మామూలు సీటీ తీయించండి, రంగు మందు కూడా అవసరం లేదు. కోడిగుడ్డు పెంకులాంటి గీత గడ్డ అంచున కనిపిస్తే సగం భయం తీరినట్లే.

తమ్ముడికోసం | మంగళవారం, మధ్యాహ్నం 1.20

డాక్టరు గార్లిద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సీటీకి ఈ సాయంత్రం వెళుతున్నాము. నావి రెండు సందేహాలు. జన్యు పరీక్ష అంటున్నారు కనుక, మళ్లీ సూది గుచ్చే బదులు రక్తం ఇస్తే సరిపోదా? రెండోది, ముక్క అయిపోయిందని ఆసుపత్రిలో ఒకరు, బ్లాక్ ఉందని ఇంకొకరు అంటున్నారు. బ్లాక్ అంటే ఏమిటి? అది అడిగి తీసుకునే హక్కు మాకు ఉందా?

మైనపుదిమ్మ | మంగళవారం, సాయంత్రం 4.50

నేను జన్యు పరీక్షల ప్రయోగశాలలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రక్తం సరిపోదు. ఈ మార్పు మీ తమ్ముడికి పుట్టుకతో వచ్చింది కాదు, ఇంట్లో మరెవరికీ ఉండేదీ కాదు. అది గడ్డలోని సాగిన కణాల్లోనే ఉంటుంది. అదే గడ్డలోని రక్తనాళాల కణాల్లోనూ, అక్కడ చేరిన తెల్లకణాల్లోనూ కూడా ఉండదు. బ్లాక్ అంటే మీ తమ్ముడి ముక్కను మైనంలో నిలబెట్టిన చిన్న దిమ్మ. దానినుంచే పలుచని పొరలు కోసి స్లైడులు చేస్తారు. రెండో అభిప్రాయానికి కావాలని రాతపూర్వకంగా అడిగితే బ్లాకులు, స్లైడులు ఇవ్వడం అన్ని చోట్లా ఉన్న పద్ధతే. ముంబైలోని టాటా మెమోరియల్ వంటి పెద్ద క్యాన్సరు సంస్థలు బయటినుంచి వచ్చిన బ్లాకులను తిరిగి పరిశీలిస్తాయి. పోస్టులో వేయకండి, ఎవరైనా స్వయంగా తీసుకువెళ్లండి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ముక్కను ఆమ్లంలో వేశారా? ఎముక ఉన్న ముక్క గట్టిగా ఉంటుంది కనుక కోయడానికి ముందు సున్నాన్ని కరిగించాలి. త్వరగా పని కావాలని చాలా చోట్ల నైట్రిక్ ఆమ్లమో హైడ్రోక్లోరిక్ ఆమ్లమో వాడతారు. సున్నంతో పాటు డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ కూడా ముక్కలైపోతాయి. స్లైడు చూడడానికి బాగానే ఉంటుంది గాని, మా దగ్గరికి వచ్చేసరికి అందులో చదవడానికి ఏమీ మిగలదు. ఈడీటీఏ అనే ద్రావణం నెమ్మదిగా, రోజులు తీసుకుని కరిగిస్తుంది, జన్యు పదార్థాన్ని కాపాడుతుంది. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, ముక్క వచ్చిన రోజే మెత్తగా ఉన్న భాగాన్ని విడదీసి, దేనిలోనూ కరిగించకుండా వేరే బ్లాకుగా పెట్టడం. నాలుగు నిమిషాల పని అది. ఆ నాలుగు నిమిషాలు పెట్టనందువల్ల రెండోసారి సూది పోటు తిన్న పిల్లలను నేను చూశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు వెళ్లినప్పుడు ఎన్ని బ్లాకులు ఉన్నాయి, వాటిలో ఆమ్లంలో వేయనిది ఏది అని పేరుపేరునా అడిగి రాసుకోండి.

పరీక్ష రెండు విధాలుగా చేస్తారు. ఫిష్ అనే పద్ధతిలో యుఎస్‌పి6కు అటొకటి ఇటొకటి ఎరుపు, ఆకుపచ్చ గుర్తులు అంటిస్తాము. జన్యువు చెక్కుచెదరకుండా ఉంటే రెండు చుక్కలూ కలిసి ఉంటాయి, తెగితే విడిపోతాయి. ఎన్ని కణాల్లో విడిపోతే పాజిటివ్ అనాలో ప్రతి ప్రయోగశాల మామూలు కణజాలం మీద లెక్కగట్టి ముందే నిర్ణయించుకుంటుంది. ఈ పద్ధతి జన్యువు తెగిందని చెబుతుంది గాని, దేనితో అతుక్కుందో చెప్పదు. రెండోది ఆర్‌ఎన్‌ఏ వరుసను చదవడం, జోడీ జన్యువు పేరు కూడా అందులో తెలుస్తుంది, కాకపోతే దానికి ఇంకా మంచి స్థితిలో ఉన్న ముక్క కావాలి.

ఎముకలవిభాగం | మంగళవారం, రాత్రి 10.30

నేను ఆర్థోపెడిక్ సర్జనును. సహచరుల మాటలను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. దెబ్బ తగిలిన కథ స్పష్టంగా ఉన్న కుర్రవాడికి, సీటీలో అంచున పెంకు కనిపిస్తే, ఏ జన్యు పరీక్షా అక్కరలేదని నా అభిప్రాయం. నాలుగు వారాలు ఆగి మళ్లీ ఎక్స్‌రే ఫిల్ము తీస్తే ఎముక అంచు చిక్కబడి, గడ్డ పెరగడం ఆగి, కొన్నిసార్లు తగ్గి కూడా కనిపిస్తుంది. మా గురువుల తరం ఈ జబ్బును ఫిల్ము చూసి, చేత్తో తడిమి, ఓపికగా కనిపెట్టుకుని ఉండి గుర్తించింది. అసలు ఈ అబ్బాయికి ఐదో వారంలో సూది గుచ్చడమే తొందరపాటు. ప్రతి గడ్డకూ జన్యు పరీక్ష అని మనం రాస్తూ పోతే, డబ్బు లేని కుటుంబాలు ఆ కాగితం లేకపోతే వైద్యమే లేదని అనుకుంటాయి.

ఇంకొకటి, ఇది తమ్ముడి కోసం రాసిన చెల్లెమ్మకు. ఆ తొడకు తైలం మర్దనా, కట్లూ వద్దు. దెబ్బ తిన్న కండను బలంగా పిసికితే ఎముక కట్టడం ఎక్కువవుతుంది. మోచేయి దెబ్బలకు మర్దన చేయించుకుని చేయి బిగుసుకుపోయి వచ్చే పిల్లలు మా విభాగానికి కొత్త కాదు.

గాజుపలక | బుధవారం, ఉదయం 6.50

ఎముకలవిభాగం గారూ, మీ మాటలో చాలా భాగం ఒప్పుకుంటాను. సీటీలో పెంకు పూర్తిగా, స్పష్టంగా ఉంటే పరీక్ష లేకుండానే ఆగవచ్చు, ఆగాలి. కాని ఈ కుటుంబం చేతిలో ఇప్పటికే ఒక రిపోర్టు ఉంది, అందులో ఆస్టియోసార్కోమా అనే పదం ఉంది, వచ్చే వారానికి కీమో తేదీ ఉంది. రాసిన పదాన్ని చెరిపివేయడానికి నాలుగు వారాల ఓపిక సరిపోతుందని ఆ తల్లికి చెప్పడం కష్టం. పైగా ఈ గడ్డ వచ్చినవారిలో కొందరికి దెబ్బ తగిలిన జ్ఞాపకమే ఉండదు, అటువంటి చోట కథ మనకు సాయం చేయదు. స్లైడు, ఫిల్ము, కథ మూడూ ఒకే మాట చెబితే జన్యు పరీక్ష అదనం, అవి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు అది అవసరం.

ఆస్టియోసార్కోమా కండలో పుట్టడం ఎంత అరుదో కూడా ఇక్కడ చెప్పాలి. మృదుకణజాల సార్కోమాలలో అది సుమారు ఒక శాతం, వచ్చేవారిలో ఎక్కువమంది నలభై దాటినవారు. 19 ఏళ్ల కుర్రవాడి తొడలో ఎముక పదార్థం కనిపించినప్పుడు, ఆ లెక్క మన వెనుక నిలబడి ఉండాలి.

పరీక్ష హద్దులు కూడా చెబుతాను. నెగెటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సరు అని కాదు: ముక్క చెడి ఉండవచ్చు, లేదా గడ్డ ముదిరి ఎముకే మిగిలి, సాగిన కణాలు కొద్దిగానే ఉండవచ్చు. పాజిటివ్ వచ్చినా జబ్బు పేరు ఒక్కటే అని కాదు. ఎముకలో వచ్చే అన్యూరిస్మల్ బోన్ సిస్ట్‌లలో దాదాపు 70 శాతంలో, నాడ్యులర్ ఫాసియైటిస్ అనే గడ్డలో సుమారు 90 శాతంలో కూడా ఇదే జన్యువు తెగి ఉంటుంది. అవి కూడా నిరపాయకరమైనవే కనుక మీ ప్రశ్నకు జవాబు మారదు. యుఎస్‌పి6 మార్పు ఉండి కూడా చెడుగా ప్రవర్తించిన కణితులు వైద్య సాహిత్యంలో అత్యంత అరుదుగా నమోదయ్యాయి, అందువల్ల పరీక్ష పాజిటివ్ అయినా గడ్డను కనిపెట్టుకుని ఉండడం మానకూడదు.

బొటనవేలు | బుధవారం, మధ్యాహ్నం 2.10

నేను డాక్టరును కాదు, ఒక తల్లిని. ఈ చర్చ చదువుతున్న మిగతా తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. మా పాపకు మూడేళ్ల వయసులో మెడ వెనుక, వీపు మీద గడ్డలు వచ్చాయి. ఒక ఆసుపత్రిలో ముక్క తీశారు. తీసిన చోటే మళ్లీ గడ్డ లేచి, అది ఎముకగా మారింది. ఏడాదిన్నర తరువాత ఒక పెద్ద డాక్టరు గారు పాప చెప్పులు విప్పించి కాళ్లు చూశారు. పుట్టినప్పటినుంచి రెండు బొటనవేళ్లూ పొట్టిగా, లోపలికి వంగి ఉండేవి. మేము దానిని లెక్కచేయలేదు, ఎవరూ అడగలేదు. ఆ జబ్బు పేరు ఫైబ్రోడిస్ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా. దాదాపు ఇరవై లక్షల మందిలో ఒకరికి వస్తుందట. ఏసీవీఆర్1 అనే జన్యువులోని మార్పు దీనికి కారణమని 2006లో కనుగొన్నారు.

ఇది పుట్టుకతో ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది కనుక రక్తం ఇస్తే చాలు. ముక్క తీయనే కూడదు, కండలో ఇంజెక్షన్లు కూడా కూడవు, ప్రతి గాయమూ కొత్త ఎముకను లేపుతుంది. మీ తమ్ముడిది ఇది కాదని నాకు అర్థమవుతోంది. కాని చిన్నపిల్లలకు ఇలాంటి గడ్డ వస్తే, సూది ఎత్తేముందు కాలి బొటనవేళ్లు చూడమని అడగండి. ఆ ఒక్క చూపు మా పాపకు సమయానికి దొరకలేదు.

ఎముకలవిభాగం | బుధవారం, రాత్రి 9.00

అమ్మా, మీరు రాసినది మా విభాగంలోని జూనియర్లందరికీ చదివి వినిపిస్తాను. రేపు ఉదయం రౌండ్లలోనే.

పీజీరెండోఏడాది | గురువారం, రాత్రి 8.25

గాజుపలక గారికి ఒక విద్యార్థి ప్రశ్న. జన్యువులు తెగి అతుక్కోవడం క్యాన్సరు లక్షణమని చదువుకున్నాము. మరి ఈ గడ్డ ఎందుకు ఆగిపోతుంది? దెబ్బ వల్ల వస్తుందా, జన్యువు వల్ల వస్తుందా?

గాజుపలక | గురువారం, రాత్రి 10.40

మంచి ప్రశ్న. 2004లో ఒలివీరా బృందం అన్యూరిస్మల్ బోన్ సిస్ట్‌లో యుఎస్‌పి6 తెగి ఉందని చూపేవరకు, దానిని చాలామంది రక్తనాళాల ఒత్తిడి వల్ల వచ్చే ప్రతిచర్య అనుకునేవారు. 2011లో మేయో క్లినిక్ పరిశోధకులు నాడ్యులర్ ఫాసియైటిస్‌లో కూడా అదే జన్యువు ఎంవైహెచ్9 అనే ఇంకొక జన్యువుతో అతుక్కుని ఉందని చూపి, కొంతకాలమే ఉండి పోయే కణితి అనే భావనను ముందుకు తెచ్చారు. ఆ తరువాత వేళ్ల గడ్డ, కండ గడ్డ కూడా అదే కుటుంబంలో చేరాయి. అంటే ఇవి ఒకే మార్పు ఉన్న కణాల సంతతి, ఆ అర్థంలో కణితులే, కాని వాటికి ఆయుష్షు తక్కువ. పెద్ద క్యాన్సర్లలోలాగా మార్పు మీద మార్పు పేరుకోవడం వీటిలో కనిపించదు. దెబ్బ ఆ కణానికి అవకాశం ఇస్తుందని అనుకోవడం సబబుగానే ఉంది. యుఎస్‌పి6 మనిషిలోనూ, చింపాంజీ వంటి మనిషికి దగ్గరి తోకలేని కోతుల్లోనూ తప్ప ఎలుకల్లో లేదు, అందుకని ఎలుకల మీద దీనిని చదవడమే ఒక చిక్కు.

తమ్ముడికోసం | తరువాతి గురువారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. ఆలస్యానికి క్షమించండి. సీటీలో గడ్డ అంచున మూడు వంతులు పెంకులాంటి గీత ఉందని వచ్చింది, ఒక వైపు ఇంకా మూసుకోలేదు. కీమో తేదీని మా డాక్టరు గారే వాయిదా వేశారు. మైనపుదిమ్మ గారు చెప్పినట్లే ఆసుపత్రిలో బ్లాకుల గురించి అడిగాను. రెండు ఉన్నాయి, ఒకటి ఆమ్లంలో వేసినది, రెండోది మెత్తని ముక్క, దేనిలోనూ వేయనిది. మొదటిదానితో పరీక్ష చేస్తే గుర్తులే వెలగలేదట, చదవలేమని తిప్పి పంపారు. రెండోదానితో చేసిన ఫిష్ ఈ రోజు వచ్చింది. యుఎస్‌పి6 తెగి ఉందని, పాజిటివ్ అని రాశారు. పాత స్లైడులను సీటీతో కలిపి మళ్లీ చూసిన పాథాలజిస్టు గారు మయోసైటిస్ ఆసిఫికాన్స్ అని సంతకం చేశారు. ఆ కాగితం అమ్మకు చదివి వినిపించాను, మొత్తం రెండుసార్లు చదివించుకుంది.

ఇప్పుడు ఆ గడ్డను కోసి తీసేయాలా? తమ్ముడు మోకాలు పూర్తిగా మడవలేకపోతున్నాడు.

ఎముకలవిభాగం | తరువాతి గురువారం, రాత్రి 10.05

చాలా సంతోషం, చెల్లెమ్మా. మెత్తని ముక్కను వేరుగా పెట్టిన ఆ టెక్నీషియన్ ఎవరో గాని, వారికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి. ఇప్పుడు కోయవద్దు. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఎముక పూర్తిగా పక్వమయ్యేదాకా ఆగాలి, అందుకు ఆరు నెలలనుంచి ఏడాది పట్టవచ్చు, చాలామందికి అప్పటికి కోసే అవసరమే ఉండదు. నొప్పి పుట్టని మేరకు మోకాలు తనంతట తాను మడిచి చాచడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోమనండి, ఎవరూ పట్టి వంచకూడదు. నాలుగు వారాలకు ఒక ఎక్స్‌రే తీయించండి. అప్పటికి మూసుకోని ఆ వైపు కూడా మూసుకుందో లేదో చూడాలి. గడ్డ ఇంకా పెరుగుతూ ఉంటే, పరీక్ష కాగితం చేతిలో ఉన్నా సరే, వెంటనే వచ్చి చూపించండి.

మైనపుదిమ్మ | శుక్రవారం, ఉదయం 8.00

ఆ రెండో బ్లాకులో మిగిలిన భాగాన్ని, ఫిష్ రిపోర్టును, సీటీ డిస్కును ఒకే కవరులో పెట్టి ఇంట్లో తడి తగలని చోట, ఎండ పడని చోట ఉంచండి. మైనం ఎండకు కరుగుతుంది, మీ వైపు వేసవి వచ్చేస్తోంది.

తమ్ముడికోసం | శుక్రవారం, ఉదయం 8.40

అలాగే అండీ. బీరువాలో పెట్టాను, కవరు మీద తమ్ముడి పేరు, తేదీ రాశాను. ఎక్స్‌రే తీయించిన రోజు ఇక్కడే మళ్లీ రాస్తాను.